మద్యవ్యసన విముక్తి బృందాలు: పురుషోత్తంపూర్, బరంపురం ప్రాంతం

తాగుడు మానాలనుకునేవాళ్లూ, ఇప్పటికే మానినవాళ్లూ ఒకచోట కూర్చుని, తమ సంగతులు చెప్పుకుంటూ, మళ్లీ గ్లాసు పట్టకుండా ఒకరినొకరు కాచుకునే కూటమి మద్యవ్యసన విముక్తి బృందం. ఇలాంటివాటిలో ప్రపంచమంతటా వేళ్లూనుకున్నది ఆల్కహాలిక్స్ అనానిమస్. పొట్టిగా ఏఏ అంటారు. వెళ్లేవాళ్లకు మాత్రం అది ‘మీటింగ్’. ఒడిశాలోని గంజాం జిల్లాలో పురుషోత్తంపూర్ వంటి చిన్న పట్టణంలో ఉన్న మనిషి, అందునా ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి, ఆ మీటింగ్‌ను ఎలా వెతుక్కోవాలన్నది ఈ వ్యాసంలోని ముఖ్య విషయం. దానితో పాటు ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది, ఎంతవరకు పనిచేస్తుంది, మీటింగ్‌కు ముందు డాక్టరును ఎందుకు కలవాలి, ఇంట్లోవాళ్లు ఏం చేయాలి అన్నవీ వస్తాయి. మీటింగ్‌ల చోట్లూ వేళలూ మారుతుంటాయి కనుక చిరునామాల పట్టిక ఇవ్వడం కన్నా, ఎప్పుడైనా పనికొచ్చే వెతుకులాట పద్ధతిని వివరంగా చెప్పడమే మేలు.

ప్రాంతం

పురుషోత్తంపూర్ రుషికుల్య నది దగ్గరి పట్టణం. పక్కనే కొండమీద తారాతారిణి అమ్మవార్ల గుడి. కొద్ది దూరంలో అశోకుడి శాసనాలున్న జౌగడ. చైత్రమాసంలో మంగళవారాల జాతరకు జిల్లా నలుమూలల నుంచి జనం కొండెక్కుతారు. పెద్దాసుపత్రికైనా, రైలుకైనా బరంపురమే దిక్కు. జిల్లా కేంద్రం ఛత్రపూర్. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేవరకు ఈ నేలంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి 1894లో పుట్టింది బరంపురంలోనే. పట్టుచీరలు నేసే దేరా కుటుంబాల నుంచి వ్యాపారుల దాకా అక్కడ తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. వీధిలో ఒడియా, వంటింట్లో తెలుగు మాట్లాడే ఇళ్లు ఈ జిల్లాలో మామూలు.

మందు విషయానికొస్తే, ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి వలస. గంజాం నుంచి లక్షల మంది మగవాళ్లు సూరత్ మరమగ్గాల్లో పనిచేస్తారు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇంటికి దూరంగా, ఇరుకు గదుల్లో, పగలూ రాత్రీ షిఫ్టుల్లో గడిపి, పండగకో పెళ్లికో ఊరికొస్తారు. గుజరాత్‌లో మద్యనిషేధం ఉన్నా చాటుమాటు సరుకుకు అక్కడ లోటు లేదు. ఊరికొచ్చిన ఆ కొద్దివారాల్లో తాగుడు ఇంకా పెరుగుతుంది. భర్త తాగుడు ఎంత ముదిరిందో భార్యకు తెలిసేది కూడా అప్పుడే. ఇటు ఊళ్లో లైసెన్సు దుకాణాల మందుతో పాటు నాటుసారా, ఇప్పసారా, కల్లు దొరుకుతాయి. 2024 ఆగస్టులో ఇదే జిల్లా చికిటి ప్రాంతంలో సారా తాగి మనుషులు చనిపోయారు. ఎందరో ఆసుపత్రి పాలయ్యారు.

దేశం మొత్తానికి ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన సర్వే నివేదిక 2019లో వచ్చింది. దాని ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల మధ్య వయసువారిలో 14.6 శాతం మంది, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. 5.7 కోట్ల మందికి తాగుడు వల్ల సాయం అవసరమయ్యేంత హాని జరుగుతోంది. వారిలో 2.9 కోట్ల మంది మందు లేకుండా ఉండలేని స్థితికి చేరినవారు. ఇలా చేరినవారిలో ఏదో ఒక రకమైన చికిత్స అందిందని చెప్పింది 38 మందిలో ఒక్కరు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. మిగిలిన వాళ్లంతా ఒట్లు వేసుకుంటూ, తప్పుతూ, తిట్లు తింటూ ఇళ్లలోనే ఉన్నారు. బృందాల అవసరం ఎంతుందో ఈ అంకెలే చెబుతాయి.

ఒక టెలిఫోన్‌తో మొదలైన కథ

ఏఏ పుట్టుకే ఒక వెతుకులాట. న్యూయార్క్‌లో షేర్ల వ్యాపారంలో ఉన్న బిల్ విల్సన్ 1934 డిసెంబరులో తాగుడు మానాడు. అయిదు నెలలకు వ్యాపారం పనిమీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్టణానికి వెళ్లాడు. పని చెడింది. తెలిసిన ముఖం లేదు. హోటల్ వసారాలో నిలబడితే ఒక చివర బార్, మరో చివర టెలిఫోన్, దాని పక్కన పట్టణంలోని చర్చిల జాబితా. మళ్లీ తాగేస్తానేమోనన్న భయంతో ఫోనువైపు నడిచాడు. తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలని ఒక పాదిరికి ఫోన్ చేశాడు. ఒకరి నుంచి ఒకరికి చివరకు హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆవిడ దొరికింది. ఆవిడ తన ఇంట్లో, ఆ ఊరి సర్జన్ డాక్టర్ బాబ్ స్మిత్‌తో కలిపింది. డాక్టర్ బాబ్ అప్పటికే పీకలదాకా మునిగిన మనిషి. పావుగంటలో వెళ్లిపోతానని భార్యతో చెప్పి వచ్చినవాడు గంటల తరబడి కదల్లేదు. బిల్ ఆయనకు ఉపదేశం చేయలేదు. తన కథ తాను చెప్పుకున్నాడు, అంతే. డాక్టర్ బాబ్ చివరిసారి తాగిన 1935 జూన్ 10వ తేదీనే ఏఏ తన పుట్టినరోజుగా జరుపుకుంటుంది.

తర్వాత వాళ్లిద్దరూ ఆసుపత్రిలో మంచానికి కట్టేసి ఉన్న ఒక న్యాయవాది దగ్గరికి వెళ్లారు. ఆయన మూడోవాడు. 1939లో తమ అనుభవాలతో పుస్తకం అచ్చువేసేనాటికి సభ్యులు వందమంది. 1941 మార్చిలో ఒక పెద్ద అమెరికన్ వారపత్రికలో వ్యాసం వచ్చాక ఆ ఏడాదిలోనే వేలకు చేరారు. పన్నెండు మెట్లు, అంటే మనిషి తనను తాను సరిదిద్దుకునే క్రమం, ఆ పుస్తకంలోనివే. బృందాలు ఎలా నడవాలో చెప్పే పన్నెండు సంప్రదాయాలను 1950లో క్లీవ్‌లాండ్ సమావేశంలో ఆమోదించారు. నేడు ప్రపంచవ్యాప్తంగా సభ్యులు ఇరవై లక్షలకు అటూ ఇటూ ఉంటారని సంస్థ అంచనా.

పురుషోత్తంపూర్ పాఠకుడికి ఈ చరిత్రలో అసలు గ్రహించదగ్గ సంగతి ఒకటుంది. ఏక్రన్‌లో బిల్ వెళ్లడానికి మీటింగ్ ఏదీ లేదు. ఇద్దరు మనుషులు కూర్చోగా అది పుట్టింది. మందు మానాలన్న కోరికతో ఇద్దరో ముగ్గురో కలిస్తే చాలు, తమను తాము ఏఏ బృందంగా పిలుచుకోవచ్చని సంప్రదాయాలు కూడా ఒప్పుకుంటాయి.

భారతదేశానికి

మన దేశంలో ఏఏ 1957లో మొదలైంది. కెనడా నుంచి ఉద్యోగరీత్యా ఢిల్లీకి వచ్చిన ఒక సభ్యుడి చొరవకు బొంబాయి నుంచి ఒక మనిషి స్పందించడంతో ఇక్కడ పాదు పడింది. జాతీయ సేవా కార్యాలయం ముంబయిలోని బైకుల్లాలో ఉంది. బొంబాయిలో మునిసిపల్ బడుల గదుల్లో, చర్చి హాళ్లలో మీటింగ్‌లు పెట్టుకోవడం అలవాటైంది. అద్దె తక్కువ, సాయంత్రాలు ఖాళీ, ఎవరైనా వెళ్లగలిగే చోట్లు. ఆ అలవాటు ఇతర నగరాలకూ పాకింది. హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో బృందాలు నడుస్తున్నాయి. ఏఏ సాహిత్యం తెలుగులోకీ వచ్చింది.

దక్షిణాదిలో చికిత్సకూ బృందానికీ ముడి వేసింది మద్రాసు. భర్త టి.టి. రంగనాథన్‌ను తాగుడు వల్ల పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో ఆయన పేరుమీద ఒక పరిశోధన సంస్థ, తర్వాత ఆసుపత్రి పెట్టారు. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆసుపత్రికి వచ్చే రోగులను చూడడంతో ఆమె ఆగలేదు. ఆ సంస్థ తంజావూరు వైపు పల్లెల్లో శిబిరాలు పెట్టింది. ఊళ్లోనే ఒక భవనం తీసుకుని, ఊరివాళ్ల సాయంతో కొంతమందిని ఒకేసారి కొన్ని రోజులు ఉంచి చికిత్స చేయడం, శిబిరం ముగిశాక నెలనెలా అదే ఊరికి వచ్చి పలకరించడం. ఒకే ఊరివాళ్లు కలిసి మానితే, ఇళ్లకు తిరిగొచ్చాక కూడా ఒకరి మీద ఒకరికి కన్నుంటుంది. పురుషోత్తంపూర్ పరిమాణంలోని పట్టణాలకు ఆసుపత్రి కన్నా ఈ నమూనాయే ఎక్కువ నప్పుతుంది. గంజాం వంటి జిల్లాలో దీన్ని ఇంతకన్నా గట్టిగా పట్టుకోవాల్సింది.

ఆంధ్రలో మరో తరహా కూటమి కనిపిస్తుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు తమ ఇళ్లలోని తాగుడు గురించి నలుగురిలో నోరు విప్పారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ వంటివాళ్లు ముందు నిలిచి సారా దుకాణాన్ని మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. ఒడిశాలో 2001లో మొదలైన మిషన్ శక్తి కింద ఏర్పడిన మహిళా సంఘాలూ మద్యం దుకాణాల మీద అనేక చోట్ల పోరాడాయి. ఈ పోరాటాలు దుకాణాన్ని మూయించగలవు. కానీ రోజూ తాగే మనిషి ఒంట్లో దుకాణం మూతపడిన మర్నాడు మొదలయ్యే వణుకును అవి ఆపలేవు. అక్కడ డాక్టరూ, తర్వాత మీటింగూ కావాలి. దుకాణం మీద పోరాడే ఆడవాళ్ల దగ్గరే ఊళ్లో ఎవరికి సాయం కావాలో ఖచ్చితమైన సమాచారం ఉంటుంది. ఆ సమాచారాన్ని వైద్యం దాకా చేర్చే ఏర్పాటు బలహీనంగా ఉండడం పెద్ద లోటు.

మొదట డాక్టరు

చాలా ఏళ్లుగా రోజూ, పొద్దున్నే కూడా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం. ఆపిన కొన్ని గంటల్లోనే చేతుల వణుకు, చెమట, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చెదిరి, లేనివి కనిపించి, మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితి వస్తుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఆసుపత్రిలో చేర్చకపోతే ప్రాణం పోవచ్చు. ఇంట్లోవాళ్లు దాన్ని గాలి సోకిందనుకుని భూతవైద్యుడి దగ్గరికి పరుగెత్తి విలువైన గంటలు పోగొట్టుకుంటారు. అలాంటప్పుడు 108కి ఫోన్ చేయడమే సరైన పని.

డాక్టరు పర్యవేక్షణలో అయితే ఈ దశను కొద్ది రోజుల్లో దాటించవచ్చు. క్లోర్‌డయాజెపాక్సైడ్ వంటి మందులను రోజురోజుకూ తగ్గిస్తూ ఇస్తారు. మెదడు దెబ్బతినకుండా బి1 విటమిన్, అంటే థయమిన్ తప్పనిసరి. ఆ తర్వాత తాగాలన్న తపన తగ్గడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ వంటివి రాస్తారు. బరంపురంలో ఈ పనికి మొదటి చిరునామా 1962లో ఏర్పడిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రి. అందరూ ఎం.కె.సి.జి. అంటారు. మానసిక వైద్య విభాగం ఓపీలో తాగుడు సంగతి దాచకుండా చెప్పాలి. ఎన్నేళ్లుగా, రోజుకు ఎంత, ఆఖరిసారి ఎప్పుడు, మునుపు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అన్నవి డాక్టరు తప్పక అడుగుతారు. జవాబులు ముందే కాగితం మీద రాసుకెళ్తే మేలు. ఒడియాలో చెప్పుకోవడానికి తడబడేవాళ్లు, లేదా ఊరివాళ్ల కంట పడకూడదనుకునేవాళ్లు రైలెక్కి విశాఖపట్నం వెళ్తారు. అక్కడ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో తెలుగులోనే అంతా సాగుతుంది.

తెలుగిళ్లలో అయ్యప్ప మాల ఒక ప్రత్యేక సందర్భం. ఎన్ని చెప్పినా మానని మనిషి మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. పొద్దున్నే చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, సాయంత్రం భజన, చుట్టూ అదే దీక్షలో ఉన్న స్వాములు, ఇంట్లోవాళ్లు కూడా ‘స్వామీ’ అని పిలిచే గౌరవం. బృందం ఎంత బలమో తెలుసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు. అయితే శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీసిన రోజే సీసా అందుకునేవాళ్లు ఎందరో. కారణం భక్తి తక్కువ కావడం కాదు. మాలతో పాటే ఆ తోడూ, ఆ దినచర్యా, ఆ గౌరవమూ ఒక్క పూటలో పోతాయి. మాల తీసే రోజుకు ముందే మీటింగ్‌కు వెళ్లడం మొదలుపెడితే ఆ ఖాళీ ఏర్పడదు. ఇంకో జాగ్రత్త: బాగా ముదిరిన తాగుడున్న మనిషి మాల వేసుకునే ముందు డాక్టరుకు చూపించుకోవాలి. దీక్ష మొదటి మూడు నాలుగు రోజుల్లోనే పైన చెప్పిన ఫిట్స్, మతి చెదరడం వంటి ప్రమాదాలు ఉంటాయి.

అన్నంలో కలిపే పొడి

గోడల మీదా, బస్సుల వెనకా, పత్రికల చివరి పేజీల్లోనూ ‘తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పిస్తాం’ అన్న ప్రకటనలు చూడనివాళ్లుండరు. ఏం కలిపారో తెలియని పొడిని నమ్మి భార్యలు పుస్తెలు తాకట్టు పెడతారు. ఇంకొందరు డైసల్ఫిరామ్ బిళ్లలను పొడిచేసి కూరలో కలుపుతారు. డెన్మార్క్ పరిశోధకులు 1940ల చివర్లో వెలుగులోకి తెచ్చిన ఈ మందు పనిచేసే తీరు వేరు. ఇది వాడుతున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. ఆ భయంతో మానతాడని దీన్ని ఇస్తారు. తెలిసి, ఒప్పుకుని, గుండె, కాలేయ పరీక్షల తర్వాత వాడాల్సిన మందు ఇది. తెలియకుండా పెడితే, మామూలుగా తాగేంత తాగి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. ఒకవేళ బతికి బయటపడినా, ఇంటి అన్నాన్ని మళ్లీ నమ్మడు. ఆ నమ్మకం పోయాక ఏ చికిత్సా అతుక్కోదు. ఆ ఇల్లాలి మీద కోపం రాదు. ఆమెను ఆ గతికి తెచ్చిన ఒంటరితనం మీదే కోపమొస్తుంది.

మీటింగ్‌ను వెతకడం

ఏఏ అన్నది చిరునామా బోర్డు పెట్టుకునే క్లినిక్ కాదు. ఒక బడి గదిలో సాయంత్రం ఏడింటికి తెరిచి ఎనిమిదిన్నరకు మూసే తలుపు. ఆ బడి గది దొరక్కపోతే ఇంకో చోటికి మారుతుంది. అందుకే దారిన పోతూ కనిపించదు. వెతకడానికి అన్నిటికన్నా నమ్మకమైన మార్గం ఏఏ భారత సేవా సంస్థ వెబ్‌సైటులో ఉండే హెల్ప్‌లైన్. రాష్ట్రం, ఊరు చెబితే దగ్గర్లో ఏయే రోజుల్లో ఎక్కడ మీటింగ్ ఉందో చెబుతారు. చాలాసార్లు ఆ ప్రాంతపు సభ్యుడి ఫోన్ నంబరే ఇస్తారు. ఆ ఫోన్ ఎత్తేది జీతానికి పనిచేసే ఉద్యోగి కాదు, ఒకప్పుడు తానూ అలాగే వణుకుతున్న చేతులతో ఫోన్ చేసిన మనిషి. పేరు అడగరు. అడిగినా ఏదో ఒక పేరు చెబితే చాలు. పాత జాబితా పట్టుకుని బస్సెక్కి వెళ్లి మూసి ఉన్న తలుపు చూసి నిరాశపడేకన్నా, బయల్దేరే ముందు అదే రోజు ఫోన్ చేసి నిర్ధారించుకోవడం అవసరం. మూసిన తలుపు చూసిన మొదటిసారి మనిషి నేరుగా దుకాణం వైపే నడుస్తాడు.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ నడిపే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 ఉచితం. మానసిక ఆరోగ్యానికి 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 కూడా అంతే. దానికి దేశంలో ఎక్కడి నుంచైనా ఫోన్ చేయవచ్చు. తెలుగూ ఒడియా రెండింటిలోనూ మాట్లాడవచ్చు. కేంద్రం సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాల వివరాలు 14446 వాళ్లు చెబుతారు. ఒడిశాలో ఈ కేంద్రాల వ్యవహారం చూసేది సామాజిక భద్రత, దివ్యాంగుల సాధికారత శాఖ. ఛత్రపూర్‌లోని దాని జిల్లా అధికారి కార్యాలయంలోనూ అడగవచ్చు. చాలా పునరావాస కేంద్రాల్లోకి ఏఏ సభ్యులు వచ్చి మాట్లాడి వెళ్తుంటారు. కాబట్టి అక్కడి కౌన్సెలర్‌ను ‘ఇక్కడికి ఏఏ వాళ్లు ఎవరైనా వస్తారా?’ అని ఒక్క ప్రశ్న వేస్తే చాలాసార్లు దారి తెరుచుకుంటుంది. ఎం.కె.సి.జి. మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌ను అడగడం మరో దారి.

చిన్న ఊరిలో పెద్ద అడ్డంకి దూరం కాదు, ముఖాలు. పురుషోత్తంపూర్‌లో ఫలానా గదిలో తాగుబోతుల మీటింగ్ జరుగుతుందంటే సాయంత్రానికి ఎవరెవరు వెళ్లారో బజారంతా తెలుస్తుంది. అదే మనిషి తూలుతూ బజారులో నడిచినప్పుడు ఎవరూ దాచలేదన్నది నిజమే. అయినా తాగడం కన్నా, మానడానికి ప్రయత్నించడమే నామోషీగా అనిపించడం ఈ రోగపు వింత క్రూరత్వం. అందుకే చాలామంది మొదట్లో ఊరి మీటింగ్ కన్నా బరంపురం వెళ్లడానికే ఇష్టపడతారు. బస్సులో గంటా గంటన్నర ప్రయాణం అలసటే కానీ, అక్కడ తండ్రి పేరుతో ఎవరూ గుర్తుపట్టరు.

బరంపురం దూరమైనవాళ్లకు, షిఫ్టు డ్యూటీల వాళ్లకు, ఆడవాళ్లకు 2020 కోవిడ్ కాలం నుంచి బాగా పెరిగిన ఆన్‌లైన్ మీటింగ్‌లు వరం. కెమెరా ఆపేసి, పేరు మార్చి, ఒక మూల కూర్చుని వినవచ్చు. హైదరాబాద్, విశాఖ బృందాల ద్వారా తెలుగు మీటింగ్‌ల సంగతి కనుక్కోవచ్చు. ఒడియా ఎంత ధారాళంగా వచ్చినా, భార్యను కొట్టిన రాత్రి గురించి, పిల్లాడి ఫీజు తాగేసిన రోజు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు తల్లిభాషలో అయితేనే నోరు తిరుగుతుంది. సూరత్‌లో ఉన్నప్పుడూ, ఊరికొచ్చినప్పుడూ అదే ఆన్‌లైన్ మీటింగ్‌లో కొనసాగే వీలుండడం వలస కార్మికులకు ఇంకో మేలు.

లోపల జరిగేది

మీటింగ్ గంట, గంటన్నర ఉంటుంది. ఒకరు నడిపిస్తారు. కాసేపు మౌనం, ఏఏ పుస్తకాల్లోంచి కొంత చదవడం, ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు తన పేరు చెప్పి, తాను మద్యవ్యసనపరుణ్నని చెప్పి, తన కథ చెబుతారు. ఒకరు మాట్లాడేటప్పుడు మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. మొదటిరోజు నోరు విప్పకపోయినా ఫర్వాలేదు. ‘ఓపెన్’ మీటింగ్‌కు ఎవరైనా, కుటుంబ సభ్యులైనా వెళ్లవచ్చు. ‘క్లోజ్డ్’ మీటింగ్ మానాలనుకునేవాళ్లకు మాత్రమే. ఫీజు లేదు. చివర్లో తిరిగే పళ్లెంలో ఇష్టమైతే పది రూపాయలు వేయవచ్చు, వేయకపోయినా ఎవరూ చూడరు. బయటి విరాళాలు తీసుకోకూడదన్నది నియమం. చేరడానికి ఒకే అర్హత: మందు మానాలన్న కోరిక. ఆ రోజు తాగి వచ్చినా తలుపు దగ్గర ఆపరు. గొడవ చేయకుండా కూర్చుంటే చాలు.

ముఖ్యమైన మాట ‘ఈ ఒక్కరోజు’. తారాతారిణి మెట్ల మీదో, పిల్లల నెత్తిమీదో చేయి పెట్టి ఇక జన్మలో తాగనని ఒట్టేయడం మన పద్ధతి. ఆ ఒట్టు తప్పిన మర్నాడు మనిషి రెండు రకాలుగా ఓడిపోతాడు: తాగినందుకు, ఒట్టు తప్పినందుకు. రెండో ఓటమి మొదటిదానికన్నా లోతుగా తగులుతుంది. అమ్మవారిని కూడా మోసం చేశానన్న భయం అతణ్ని ఇంకా తాగిస్తుంది. మీటింగ్‌లో జన్మంతటికీ మాట తీసుకోరు. ఈరోజు పడుకునేదాకా తాగకుండా ఉండు, రేపటి సంగతి రేపు అంటారు. తప్పి తాగినవాడు మళ్లీ వస్తే మొదటిరోజు లాగే కూర్చోబెడతారు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఈ నాలుగూ మనిషిని తిరిగి సీసా దగ్గరికి నెడతాయని పాతవాళ్లు పదేపదే హెచ్చరిస్తారు. కొత్తవాడికి ఒక పాతవాడు ‘స్పాన్సర్’గా ఉంటాడు. రాత్రి పదకొండింటికి తాగాలనిపించినప్పుడు ఫోన్ చేయాల్సింది అతనికే. మొదటి మూడు నెలలు వీలైతే రోజుకొక మీటింగ్ అన్నది చాలాచోట్ల ఆనవాయితీ.

పనిచేస్తుందా

ఏఏ సభ్యుల పేర్లు రాసుకోదు, హాజరు వేయదు. అందుకే చాలాకాలం దీని ఫలితాలను లెక్కగట్టడం కష్టమైంది. 2020లో కాక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష 27 అధ్యయనాలను, 10,565 మందిని పరిశీలించింది. చికిత్సలో భాగంగా ఏఏలో చేర్చే పద్ధతిలో పూర్తిగా మానినవారు ఏడాది చివర 42 శాతం, ఇతర మానసిక చికిత్సల్లో 35 శాతం అని తేల్చింది. అంటే సగం కన్నా ఎక్కువమందికి ఒక్క ఏడాదిలో అది కుదరలేదు. కాబట్టి ఇదొక్కటే మార్గమని ఎవరైనా చెబితే నమ్మనక్కర్లేదు. పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది. ఎవరికి తోచిన దేవుడు వారికని ఏఏ అంటుంది, నాస్తికులూ అందులో ఉన్నారు. అయినా అది పొసగనివాళ్ల కోసం 1990లలో అమెరికాలో స్మార్ట్ రికవరీ అనే దేవుడి ప్రసక్తి లేని పద్ధతి వచ్చింది. దాని మీటింగ్‌లూ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ల గురించి ఒక హెచ్చరిక. గొలుసులతో కట్టడం, కొట్టడం, నెలల తరబడి ఇంటివాళ్లతో మాట్లాడనివ్వకపోవడం దేశంలో చాలాచోట్ల బయటపడ్డాయి. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య రక్షణ చట్టం, 2017 గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో నమోదైందా, డాక్టరు రోజూ వస్తారా, కుటుంబం ఎప్పుడైనా వచ్చి చూడవచ్చా అన్న మూడు ప్రశ్నలకు సూటిగా జవాబివ్వని చోట ఎవరినీ చేర్చకూడదు.

మీటింగ్ లేని చోట

ఊళ్లో మీటింగ్ పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బరంపురం మీటింగ్‌లకు కొన్ని నెలలు వెళ్లి నిలదొక్కుకున్న మనిషి, తనలాంటి మరొకరు దొరికాక, వారానికి ఒకరోజు, ఒక వేళ, ఒక చోటు ఖాయం చేసుకోవాలి. బడి గది, ఆసుపత్రి ఓపీ ముగిశాక ఖాళీగా ఉండే గది, ఎవరో ఇచ్చిన షెడ్డు ఏదైనా సరే. ఎవరి ఇంట్లోనో పెట్టడం కన్నా అందరిదైన చోటు మంచిది. ఏఏ సేవా కార్యాలయానికి బృందం పేరు తెలియజేస్తే హెల్ప్‌లైన్ జాబితాలో చేరుతుంది. పుస్తకాలూ కరపత్రాలూ అక్కడి నుంచే తెప్పించుకోవచ్చు. ఊరి డాక్టరుకూ, మందుల దుకాణం వాళ్లకూ, పోలీసు స్టేషన్‌కూ, మహిళా సంఘాలకూ రోజు, వేళ, ఒక ఫోన్ నంబరు రాసిన చీటీ ఇవ్వాలి. ఎవరూ రాని వారాలు తప్పవు. ప్రకటించిన వేళకు గది తెరిచి, ఎవరూ రాకపోయినా నిర్ణయించిన సమయం దాకా కూర్చోవడం బృందాన్ని పెట్టినవాళ్ల మొదటి బాధ్యత. నెలల తరబడి ఆ చీటీని జేబులో పెట్టుకు తిరిగిన మనిషి ఏ వారం వస్తాడో ఎవరికీ తెలియదు.

ఇంట్లోవాళ్లు

తాగే మనిషి రాకపోయినా ఇంట్లోవాళ్లు వేరే మీటింగ్‌కు వెళ్లవచ్చు. బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో మరో సభ్యుడి భార్యతో కలిసి అల్-అనాన్ మొదలుపెట్టింది. యుక్తవయసు పిల్లల కోసం 1957లో అలటీన్ వచ్చింది. భారతదేశంలో అల్-అనాన్ బృందాలున్నాయి, ఏఏ హెల్ప్‌లైన్ ద్వారా వాటి జాడ కనుక్కోవచ్చు. అక్కడ భర్తను మాన్పించే కిటుకులు నేర్పరు. అతని అప్పులు తీర్చడం, అతని తరఫున యజమానికి అబద్ధం చెప్పడం, సీసాలు వెతికి పారబోయడం వంటి పనుల్లో తన జీవితం ఎలా కరిగిపోయిందో ఆ భార్య మొదటిసారి గట్టిగా చెప్పుకుంటుంది. ఆమె ఈ పనులు ఆపినప్పుడు, తాగుడు ఖర్చంతా తాగేవాడి మీదే పడి, కొందరు దానివల్లే ఆసుపత్రి మెట్లెక్కుతారు. కొందరు ఎక్కరు. ఆమె మాత్రం రాత్రి నిద్రపోవడం మొదలుపెడుతుంది, పిల్లలు హోంవర్కు చేసుకుంటారు. ఇంట్లో కొట్టడం ఉంటే మీటింగ్ కన్నా ముందు భద్రత. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112.